రేగడి మీద హాస్టల్

ఈ వారం మట్టి గురించి.

నేను చదువుకున్న హాస్టల్ గోడకు ఒక బీట ఉండేది. ఎండాకాలం అందులో బలపం దూరేది, వానలు పడితే సన్నబడేది. ఏటా సిమెంటు పూసేవాళ్లు, ఏటా విచ్చుకునేది. మేస్త్రి సిమెంటు మింగాడనుకునేవాళ్లం. నన్ను చూడ్డానికొచ్చిన మా అమ్మ మాత్రం, "కింద రేగడి ఉంది బిడ్డా, గోడనంటే ఏమైతది" అంది. జీవితమంతా పత్తిచేలో కలుపు తీసిన మనిషి ఆమె.

భూగర్భ శాస్త్రం ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ నేల పేరు 'రేగర్'. అది మన రేగడే. మాట వెళ్లింది, మాట్లాడినవాళ్ల పేరు వెళ్లలేదు.

మట్టిని లెక్కల్లోకి తెచ్చినవాడిగా టెర్జాగిని చెబుతారు. ఇస్తాంబుల్‌లో పాఠాలు చెబుతూ బంకమట్టిని పరీక్షించాడు. దానిలోంచి నీరు మెల్లగా పోయేకొద్దీ కట్టడం ఏళ్ల తరబడి కుంగుతుందని లెక్కగట్టాడు. 1925లో వియన్నాలో ఆయన పుస్తకం అచ్చయింది. మన రేగడి ఇంకా మొండిది. ఎండితే కుంచించుకుపోతుంది, తడిస్తే ఉబ్బి పునాదినే పైకి లేపుతుంది. దీనికి జవాబు 1950లలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో తయారైంది: అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బిన కాంక్రీటు పైలు. ఆ ఉబ్బు కాడకు సుమారు రెండున్నర రెట్లు. లోతైన రేగడిలో పైలు కనీసం 3.5 మీటర్లు దిగాలి, ఎందుకంటే అక్కడ వానకూ ఎండకూ తేమ పెద్దగా మారదు. పైన బీము కింద కొంత ఖాళీ వదలాలి, ఉబ్బిన మట్టి తన్నకుండా.

రేగడిని పట్టుకోవడం కష్టమేం కాదు. జల్లించిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు గాజు గొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో కిరోసిన్ పోసి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో దానికంటే 50 శాతం పైగా పెరిగితే జాగ్రత్త పడాలి.

ఇక 1979 నాటి ఐఎస్ 1892. దాదాపు ఎకరం స్థలానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి గుంతలు తవ్వి చూడమంది. చిన్నవీ, అంత ప్రాముఖ్యం లేనివీ అయిన భవనాలకు మధ్యలో ఒక్కటి చాలంది. ఇంజనీరింగ్‌గా సబబే. కానీ ఏ భవనానికి ప్రాముఖ్యం లేదో తేల్చేదెవరు? మా హాస్టల్ కట్టింది చెరువు అలుగు పక్క పల్లంలో, ఊరు వద్దనుకున్న జాగాలో. మా వాడ కూడా అటువైపే.

మీ దగ్గర కొత్త హాస్టల్‌కు ముగ్గు పోస్తుంటే, మట్టి పరీక్ష రిపోర్టు సమాచార హక్కు కింద అడగండి. ఎన్ని గుంతలు, ఎంత లోతు, ఏ నెలలో తవ్వారు. నెల మరవకండి, మే నెల రేగడి గట్టిగానే కనబడుతుంది.