రాతిపొరల్లో తేదీ

పూర్ణా మార్కెట్‌లో కూరలు కొన్నాక మన పింఛనుదారులం కొందరం కాఫీ హోటల్లో కలుస్తుంటాం. రాజమండ్రి దగ్గర 6 కోట్ల 60 లక్షల ఏళ్లనాటి రాళ్లున్నాయని నేనొకరోజు చెబితే, ఒక మిత్రులు "ఏమండోయ్, వాటిమీద తేదీముద్ర ఎవరు వేశారండీ?" అన్నారు. గుమాస్తా అడగవలసిన ప్రశ్నే. జవాబూ గుమాస్తాలాగే చెప్పాను.

నా సర్వీసులో ఒక బంట్రోతుగారి జాయినింగ్ రిపోర్టుకు తేదీ లేదు. ఆయన రెండేళ్ల సర్వీసు దానిమీదే ఆధారపడింది. ఫైలులో దానికి కిందా పైనా ఉన్న కాగితాలకు తేదీలున్నాయి గనుక, ఇది ఆ నడిమి కాలానిదేనని నోటు పెట్టాను. ఇంతలో ఎవరో ఫైలు విప్పి మళ్లీ కుట్టారు. వరుస తప్పింది. ఆడిట్‌వారు ఒప్పుకోలేదు. ఆయన రెండేళ్లూ పోయాయి. ఆ ముఖం నాకింకా గుర్తే.

కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీలూ అటువంటి ఫైళ్లే. అడుగున నల్లరాయి, నడుమ బంకమట్టి, సున్నపురాయి, పైన మళ్లీ నల్లరాయి. ఈ నల్లరాయి పడమటి కనుమల వైపు పొంగి, దాదాపు 1000 కిలోమీటర్లు పారివచ్చిన లావా. 1835లో ఉత్తర సర్కారులు తిరిగిన డాక్టర్ బెంజా ఈ ప్రాంతపు రాళ్లను గురించి రాశారు. లావా వయసుమీద మాత్రం తగవు చాలాకాలం నడిచింది. రాక్షసబల్లుల చివరి యుగమైన క్రెటేషియస్‌దని కొందరన్నారు. కాదు, ఆ తరువాతిదని 1934లో బీర్బల్ సాహ్ని గారు వాదించారు. అంతటివారి మాటను తోసివేయడం తేలికా!

తగవును చాలావరకు తీర్చినవి ఆవగింజకంటే చిన్న సముద్రజీవుల గుల్లలు, ఫొరామినిఫెరా. దుద్దుకూరు దగ్గర లావా కిందిపొరలో క్రెటేషియస్ చివరి జీవులున్నాయి. రెండు నల్లరాళ్ల నడిమి పొరలోనేమో, రాక్షసబల్లులు అంతరించిన వెంటనే పుట్టిన జాతులు కనిపించాయి. అంటే కింది లావా ఆ మహావినాశం నాటికి అటూ ఇటూగా ఆగిందన్నమాట. గెర్టా కెల్లర్ బృందం 2008లో ఈ సంగతి ప్రకటించింది. ఆ వినాశానికి లావాయే కారణమా, మెక్సికోలో పడిన ఉల్కా అన్న విచారణలో మన గోదావరి క్వారీలు సాక్షులయ్యాయి.

గుల్ల ఒక్కటే దొరికితే చాలదు. ఏ పొరలోదో తెలియకపోతే అది బంట్రోతుగారి కాగితమే. అందుకే వాళ్లు క్వారీ గోడను అడుగునుంచి కొలుచుకుంటూ వచ్చి, ప్రతి నమూనా సంచిమీదా అది ఏ ఎత్తున తీసిందో రాస్తారు, మన ఇన్‌వర్డు నంబరులాగ.