సంయుక్త విజ్ఞాన పురస్కారాలు: నిబంధనల చరిత్ర

రెండు విజ్ఞాన సంస్థలు కలిసి ఒకే పతకం ఇస్తే దాన్ని సంయుక్త పురస్కారం అంటారు. పేర్లు ఎవరు ప్రతిపాదించాలి, ఎవరు ఎంపిక చేయాలి, పతకాన్ని ఏ గడ్డపై అందించాలి అన్నవి ఇలాంటి పురస్కారాల నిబంధనల్లో ముఖ్యమైన అంశాలు.

ఐరోపాలో ఈ పద్ధతి యుద్ధ గాయాల నుంచి ఎదిగింది. 1941లో నాజీల నిర్బంధంలో మరణించిన ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫెర్నాండ్ హోల్వెక్ స్మృత్యర్థం 1945లో ఫ్రాన్స్, బ్రిటన్ భౌతికశాస్త్ర సంఘాలు ఒక పతకాన్ని నెలకొల్పాయి. దాన్ని ఒకసారి ఫ్రాన్స్ శాస్త్రవేత్తకు, మరోసారి బ్రిటన్ శాస్త్రవేత్తకు ఇస్తారు. బ్రిటన్, జర్మనీ సంఘాల మాక్స్ బోర్న్ పతకం 1973 నుంచి అదే వంతుల పద్ధతిలో నడుస్తోంది. ఆ పేరు చాలా సముచితమైనది. 1933లో జర్మనీ విడిచి వెళ్లాల్సివచ్చిన బోర్న్, సి.వి. రామన్ ఆహ్వానంపై బెంగళూరులో కొన్ని నెలలు ఉండి, తర్వాత ఎడిన్‌బరోలో ఆచార్యులయ్యారు.

భారతదేశానికి సంబంధించి విశిష్టమైనది, భారత అంతరిక్ష పరిశోధనకు ఆద్యుడైన విక్రమ్ సారాభాయ్ పేరిట ఉన్న పతకం. దీన్ని ఇచ్చేవారిలో ఒకరు ఇస్రో. రెండోది 1958లో ఏర్పడిన అంతర్జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘం కోస్పార్. అంటే ఇక్కడ రెండు దేశాల మధ్య వంతులు లేవు. వర్ధమాన దేశాల్లో అంతరిక్ష పరిశోధనకు చేసిన విశేష కృషే అర్హత. రెండేళ్లకోసారి జరిగే కోస్పార్ సమావేశాల్లో దీన్ని అందిస్తారు. రష్యా సైన్స్ అకాడమీతో కలిసి కోస్పార్ ఇచ్చే జెల్దోవిచ్ పతకాలు యువ శాస్త్రవేత్తలవి. లండన్ రాయల్ సొసైటీతో కలిసి ఇచ్చే మాసీ పురస్కారం నాయకత్వానికి పెద్దపీట వేస్తుంది. వర్ధమాన దేశాలన్న మాటను నిబంధనలోనే చేర్చడం సారాభాయ్ పతకానికి దక్కిన గౌరవం.

ఆ మాటకు అర్థం సూళ్లూరుపేటలో కళ్లకు కడుతుంది. రైలు దిగి తూర్పుగా సాగితే పులికాట్ సరస్సును చీల్చుకుంటూ రోడ్డు శ్రీహరికోట దీవి దాకా వెళుతుంది. చలికాలంలో ఆ రోడ్డుకు ఇరుపక్కలా లోతులేని నీటిలో ఫ్లెమింగోలు తలలు ముంచి మేత వెతుక్కుంటాయి. ఆ రోడ్డు చివర ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం షార్. అక్కడి నుంచి 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ రోహిణి-125 ఎగిరింది. దాని వ్యాసం 125 మిల్లీమీటర్లు మాత్రమే. సరిగ్గా 82 రోజుల తర్వాత, డిసెంబరు 30న, సారాభాయ్ కన్నుమూశారు. తర్వాత 1980 జూలై 18న ఇదే దీవి నుంచి ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. షార్‌కు 2002లో సతీశ్ ధావన్ పేరు పెట్టారు.

1996లో ఈ పతకం ఉడుపి రామచంద్రరావుకు దక్కింది. అహ్మదాబాదులో సారాభాయ్ దగ్గరే విశ్వకిరణాలపై పరిశోధన చేసి పీహెచ్‌డీ పొందిన శిష్యుడాయన. 1975 ఏప్రిల్ 19న ప్రయోగించిన తొలి భారతీయ ఉపగ్రహం ఆర్యభట ఆయన సారథ్యంలో తయారైంది. గురువు పేరిట ఉన్న పతకం శిష్యుడికి చేరిన ఆ ఏడాది మార్చి 21న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ, ఐఆర్ఎస్-పీ3 ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది.