దవడ ఎముకకు అంటుకట్టుట

అంటు మామిడి బ్రతకాలంటే అడుగు మొక్కనుండి దానికి రసం అందాలి. అందకపోతే అది ఎండిపోతుంది. ఎముకకు కూడ ఇదే నియమం వర్తిస్తుంది. దానికి అనువైన పద్ధతి కనుగొనడానికి శస్త్రవైద్యులకు దాదాపు నూరేళ్ళు పట్టింది. వారికి మిక్కిలి కఠినమైన పరీక్ష పెట్టినది క్రింది దవడ.

నమలడానికి, మాట్లాడడానికి క్రింది దవడ ఆధారం. నాలుకను ముందుకు పట్టి వుంచేది కూడ అదే. గాయంవల్లగాని కాన్సరువల్లగాని దాని ముందు భాగం పోతే నాలుక వెనుకకు జారి ఊపిరికి అడ్డుపడవచ్చు.

గ్లాస్గో వైద్యుడు విలియమ్ మెక్యూయెన్ ఒక బాలుని దండచేతి ఎముకలో పోయిన భాగాన్ని ఇతర రోగుల కాలి ఎముక ముక్కలతో పూరించి, ఆ వివరాలను 1881లో ప్రకటించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలలో పోరాడిన సైనికులనేకులకు ముఖాలు ఛిద్రమైనాయి. 1917లో ఇంగ్లండులోని సిడ్కప్‌లో వారికొక ప్రత్యేక ఆసుపత్రి వెలసింది. అక్కడ హెరాల్డ్ గిల్లీస్, అతని సహచరులు ప్రక్కటెముకల నుండి, తుంటి ఎముకనుండి ముక్కలు తీసి దవడలో అమర్చారు.

అయితే ఆ ముక్కలకు సొంత రక్తనాళాలు లేవు. చుట్టుప్రక్కల కణజాలంనుండి కొత్త నాళాలు మెల్లగా ప్రాకేవరకు అవి ఆగాలి. అందుచేత లోటు సుమారు 6 సెంటీమీటర్లు దాటితే ఇట్టి అంటును నమ్మడం కష్టం.

ఈ చిక్కును విడదీసినది సూక్ష్మదర్శిని. మోకాలిక్రింద రెండెముకలున్నాయి. వాటిలో సన్ననిదైన బహిర్జంఘిక శరీరభారాన్ని కొద్దిగానే మోస్తుంది. దానిని ధమనీ సిరలతో సహా తీసి, వేరొకచోట ఆ నాళాలను అతికించవచ్చునని ఆస్ట్రేలియా వైద్యుడు ఇయాన్ టేలర్ 1975లో ప్రకటించాడు. 1989లో న్యూయార్కు వైద్యుడు డేవిడ్ హిడాల్గో ఆ ఎముకను ముక్కలుగా కోసి, వంపు తిప్పి, దవడగా మలచిన విధానాన్ని వెల్లడించాడు. దాని నాళాలను మెడలోని నాళాలకు కుట్టగానే ఎముకలో రక్తం పారుతుంది.

దవడ వచ్చింది, మరి పళ్ళో? వాటి కథ 1952లో స్వీడనులో మొదలైంది. కుందేలు ఎముకలో రక్తప్రసరణను పరిశీలించడానికి పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ ఒక టైటేనియం పరికరాన్ని బిగించాడు. తరువాత దానిని ఊడదీయబోతే రాలేదు. ఎముక లోహాన్ని కరచి పట్టుకొన్నది. 1965లో అతడు మొదటిసారి మనిషి దవడలో టైటేనియం మరమేకులు నాటాడు. సాధారణంగా 3 నుండి 6 నెలలు ఆగి, ఎముక వాటిని పట్టుకొన్నాక పళ్ళు బిగిస్తారు. అంటుకట్టిన కాలి ఎముకలో కూడ ఇట్టి మరమేకులు నిలుస్తున్నాయి.

కాన్సరుకై రేడియేషన్ చికిత్స పొందినవారిలో మాత్రం రక్తనాళాలు క్షీణించి ఉంటాయి. కనుక మరమేకులు సడలే ప్రమాదం హెచ్చు. పాత నియమమే ఇక్కడ కూడ కనబడుతుంది. శస్త్రవైద్యుడు ఎముకను కోయవచ్చు, మలచవచ్చు; దానిని అతికించేది మాత్రం రక్తమే.