బాల్యభోజనము – యావజ్జీవారోగ్యము



వంశచరిత్రము వ్రాయబూనినప్పుడు మనము శాసనములను, దానపత్రములను వెదకుదుము. పూర్వులు కట్టించిన సత్రములను, త్రవ్వించిన చెఱువులను లెక్కించుకొందుము. వారు తమ బిడ్డల కేమి పెట్టి పెంచిరో యను చరిత్రము మాత్రము తామ్రపత్రములకెక్కలేదు. అది సంతతివారి దేహములయందే లిఖితమై యున్నది. ఆ లిపిని చదువుట ఇటీవలి శాస్త్రజ్ఞులు నేర్చిరి. మూడు దృష్టాంతములతో ఆ విషయమును సభవారికి విన్నవింపదలచితిమి.

మన పూర్వు లీ విషయమును ఉపేక్షింపలేదు. ఆయుర్వేదమున కౌమారభృత్యమను పేర శిశుపోషణమునకు ప్రత్యేకాంగము కలదు. ఆఱవ మాసమున శిశువునకు లఘువును హితమును నగు అన్నము పెట్టవలెనని సుశ్రుతసంహిత విధించినది. అన్నప్రాశనమునాడు బంధుభోజనము ఘనముగా జరిపింతుము గాని ఆ రెండు విశేషణములను స్మరించువా రరుదు.

మొదటి దృష్టాంతము హాలెండు దేశమునది. రెండవ ప్రపంచయుద్ధపు తుదిభాగమున, 1944-45 శీతకాలమున, జర్మను ఆక్రమణములో నున్న ఆ దేశపు పశ్చిమభాగమున ఘోరమైన కాటకము సంభవించెను. 1945 మే నెలలో దేశము విముక్తమగుటతో అది ముగిసెను. నాడు తల్లుల గర్భములయందున్న శిశువులు పెరిగి, 19 ఏండ్ల ప్రాయమున సైనికపరీక్షకు వచ్చిరి. సుమారు 3 లక్షల యువకుల కొలతలను పరిశీలించి 1976లో ఫలితములను ప్రకటించిరి. గర్భవాసపు పూర్వార్ధమున ఆకలికి గుఱియైనవారిలో స్థూలకాయు లధికముగా నుండిరి. ఆకలిగొన్న శిశువు కృశించిన మనుష్యు డగునని తలంతుము. ఇచట జరిగినది తద్విపరీతము. లేమి నెఱిగిన దేహము దొరికినదానిని దాచుకొనుట నేర్చునని పండితులు ఊహింతురు.

రెండవది బ్రిటను దేశమునది. అచట 1940 జనవరిలో పంచదారకు రేషను విధించి, 1953 సెప్టెంబరులో తొలగించిరి. తొలగినంతనే వాడుక ఇంచుమించు రెట్టింపై, మనిషికి దినమునకు 40 గ్రాములనుండి 80 గ్రాముల కెక్కెను. ఆ కాలమునకు ముందు వెనుకల జన్మించిన సుమారు 60 వేల మందిని పోల్చిన పరిశీలనము 2024లో వెలువడినది. గర్భవాసమునను, తొలి రెండేండ్లలోను రేషను కాలము గడపినవారికి పెద్దతనమున మధుమేహము నూటికి 35 వంతులు, రక్తపోటు నూటికి 20 వంతులు తక్కువగా కానవచ్చెను. వ్యాధి సోకినవారికి సైతము మధుమేహము సుమారు నాలుగేండ్లు, రక్తపోటు రెండేండ్లు ఆలస్యముగా వచ్చెను. ఆ బిడ్డలు ఆకలితో మాడినవారు కారు. తీపి మాత్రము మితముగా తిన్నవారు. శైశవమున మరగిన రుచి ముదిమిదాక విడువదు గదా!

మూడవది మన గడప ముందటిది. 1987-90 నడుమ హైదరాబాదు సమీపమున 29 గ్రామములలో పరిశీలన మొకటి నడచెను. వానిలో 15 గ్రామముల గర్భిణులకును, బాలింతలకును, ఆఱేండ్లలోపు బిడ్డలకును మొక్కజొన్న, సోయా కలిసిన పిండితో ఉప్మా చేసి ప్రతిదినము పెట్టిరి. తక్కిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటికి అందలేదు. 2003-05లో ఆ పిల్లలు కౌమారమున నుండగా మరల పరీక్షించిరి. ఉప్మా తిన్న గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. కొవ్వు హెచ్చలేదు, ధమనులు మెత్తగా నుండెను, ఇన్సులినునకు దేహము చక్కగా లోబడుచుండెను. ఒక పూట ఉప్మా పదునైదేండ్ల తరువాత సాక్ష్యము చెప్పినది!

లేమి కీడు, మితిమీరిన తీపి కీడు, కాలమున కందిన తగుమాత్రపు పోషణము తరుగని ధనము. బాల్యమే విధిలిఖితమని మేము చెప్పము. పెద్దవారును మితాహారముచేతను, శ్రమచేతను మేలు పొందగలరు. కాని మొక్కనాడు వంచుట సులభము, మ్రానైన పిమ్మట కష్టము.

చిరకాలము బోధనవృత్తియందుండిన మాకు ఉదయ మేమియు తినక వచ్చి మొదటి పాఠముననే తూగు బాలుడును తెలియును, జేబునిండ మిఠాయితో వచ్చు బాలుడును తెలియును. ఇరువురును మన బిడ్డలే. కావున దాతలకును, గృహిణులకును మూడు విన్నపములు చేయుచున్నాము. అందఱికి వడ్డించి, మిగిలినదానితో సరిపెట్టుకొను గర్భిణియగు కోడలు మన యిండ్లలో ఇంకను కలదు. ఆమెకు తొలి విస్తరి వేయుడు. రెండేండ్లు నిండువఱకు బిడ్డ పాలలో పంచదార కలుపకుడు. విద్యార్థి వసతిగృహములకు గదులు కట్టించు వదాన్యులు వంటయింటిని గూడ ఒకమాఱు చూచి, పప్పు, ఆకుకూర, మజ్జిగ దినదినము పిల్లల కందునట్లు శాశ్వతనిధి నేర్పఱుపుడు. గోడపై చెక్కిన పేరు వానకు మాయవచ్చును. బిడ్డ యెముకలలో నిలిచిన దానము అఱువదేండ్లు నడచును.

సర్వే జనులు సుఖులగుదురు గాక!