బండి చేరని పల్లె

కర్నూలు జిల్లా జనాభా లెక్కలను చూచినచో 1871కిని 1881కిని నడుమ సుమారు నాలుగవ వంతు జనము తగ్గినట్లు కనబడును. ఆ నడుమ వచ్చినదే 1876-78 నాటి మహాక్షామము. మన పెద్దలు దానిని ధాత కరువనిరి.

వాన లేకపోవుట ఒక్కటియే ఇందుకు కారణమని మేము తలంపము. ధాన్యము గుత్తి స్టేషను దాక రైలులో వచ్చుచుండెను. అక్కడినుండి కర్నూలు పల్లెలకు ఎడ్లబండియే దిక్కు. బండి లాగవలసిన ఎద్దుకో, మేత లేదు. మేతను కూడ బండిమీదనే వేసికొని పోయినచో గింజలకు చోటెంత మిగులును? పైగా అది నల్లరేగడి నేల. నాలుగు చినుకులు పడెనా, చక్రము కదలదు. బాటకు దూరమైన పల్లెకు గింజ చేరుట ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

కర్నూలు-కడప కాలువ అప్పటికి కొన్నియేండ్ల క్రిందటనే పూర్తియైనది. పడవలు నడుచుటకును దానిని ఉద్దేశించిరి. కాని కాలువగట్టున లేని ఊరికి పడవతో పనియేమి?

కరువు తరువాత గుంతకల్లునుండి నంద్యాల మీదుగా బెజవాడకు రైలుదారి వేసిరి. కరువునాట గింజలు చేరవలెనను తలంపు అందులో ముఖ్యము. ఐనను బనగానపల్లె, కోవెలకుంట్ల సీమ ఆ దారికి ఎడమగనే మిగిలెను. ఆ ఊళ్లమీదుగా పోవు నంద్యాల-ఎఱ్ఱగుంట్ల మార్గము పూర్తియగుసరికి 2016 వచ్చెను.