అచ్చు లేని బొమ్మ

నెల్లూరు తీరపు ఇసుకనేలలలో తాటిచెట్టు పిల్లలకొక ఆటబొమ్మను కూడ ఇచ్చినది. వేసవిలో ముంజలు తీసిన కాయలు రెండింటిని పుల్లతో కూర్చి, పంగలకఱ్ఱతో త్రోసినచో అది బండి యగును. ఆ బండికి ఎవ్వరును నమూనా గీయలేదు. అన్న చేయగా తమ్ముడు చూచినాడు; చూచినది చేతికి వచ్చినది. మన చేతిబొమ్మల చరిత్రకు మూలసూత్రము ఇదియే.

పండుగనాడు నెల్లూరి యింట తీర్చిన బొమ్మలకొలువును నిదానముగ పరికింపుడు. అందు మూడు విధముల పనితనము కానవచ్చును. మట్టిబొమ్మకు అచ్చు కలదు. మొదట ఒక మూలరూపమును తీర్చి, దానినుండి ముందు వెనుకల అచ్చులను తీసినచో, పిదప ఒకే పోలిక బొమ్మలు ఎన్నియైనను వచ్చును. వరాహనదీ తీరమందలి ఏటికొప్పాక బొమ్మకు అచ్చు లేదు గాని తిరుగుడు కలదు. గిఱ్ఱున తిరుగు అంకుడుకఱ్ఱపై ఉలి మోపగా గుండ్రదనము తనంత వచ్చును. లక్కను అదిమినచో రాపిడి వేడికి కరగి రంగు పట్టును.

కొండపల్లి బొమ్మకు ఈ రెండు ఆధారములును లేవు. తేలికయైన తెల్లపొణికి కఱ్ఱను సెగకు కాచి తడి పోగొట్టుదురు. తల, మొండెము, చేతులు వేఱువేఱుగ చెక్కుదురు. చింతగింజల పిండిని ఱంపపుపొట్టుతో నూరిన ముద్దకు మక్కు అని పేరు. దానితో అతుకులు కూర్చి, ఉలికి అందని వంపులు తీర్తురు. పైని సున్నము పూసి, ఆఱిన పిదప సన్నని కుంచెతో రంగులు వేయుదురు. దశావతారములైనను, అంబారీ ఏనుగైనను, తాడిచెట్టెక్కు గీతకార్మికుడైనను, ప్రతి బొమ్మయు మొదటి బొమ్మవలెనే చెక్కవలసినదే. నమూనా యనునది శిల్పి కంటిలోను, వ్రేళ్ళలోను ఉన్నది.

కావుననే ఆ విద్యకు అపాయమును అధికము. అచ్చు పగిలినచో మిగిలిన బొమ్మనుండి మఱల అచ్చు తీయవచ్చును. చేయి మఱచినదానిని ఎచ్చటనుండి తీయగలము? పొణికిచెట్టు కొండలలో అరుదైనది. భౌగోళిక సూచిక గుర్తింపు ఆ బొమ్మలకు లభించినది. కాని చట్టము పేరును కాపాడును, పనిని నేర్పజాలదు. పోయినదానిని మఱల తెచ్చుటయు అసాధ్యము కాదు. ఏటికొప్పాకలో చెట్లనుండి తీయు సహజవర్ణములను పునరుద్ధరించిన శ్రీ సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. అయితే రంగునైనను నేర్చుకొను చేతులు ఉన్నప్పుడే అది నిలుచును.

ఈసారి కొలువులో కొండపల్లి బొమ్మ చేయి విఱిగినచో దానిని పాఱవేయకుడు. విఱిగినచోట కఱ్ఱయు మక్కును కలిసిన అతుకును పిల్లలకు చూపుడు. ఆ బొమ్మ ఎట్లు పుట్టినదో అచ్చటనే కనబడును.