విందులో పన్నెండో కుర్చీ: డాక్టర్ సాలొమన్ కథ

మొన్నామధ్య మా కంపెనీ యాన్యువల్ పార్టీ ఒక ఫైవ్ స్టార్ హోటల్లో జరిగింది. "నీ దగ్గర మంచి కెమెరా ఉందిగా, నాలుగు ఫోటోలు తియ్యి" అని మా మేనేజర్ గారు పురమాయించారు. సరదాగానే మొదలుపెట్టా. అరగంటలో తత్వం బోధపడింది. పార్టీలో ఉండటం వేరు, పార్టీని ఫోటో తీయడం వేరు. అప్పటిదాకా పడీపడీ నవ్వుతున్నవాళ్ళు కెమెరా ఎత్తగానే చొక్కాలు సర్దుకుని, పెళ్ళిచూపుల నవ్వు ఒకటి నవ్వుతారు. అదే నవ్వు రెండొందల ఫోటోల్లో!

డబ్బులిచ్చి పిలిపించిన ఫోటోగ్రాఫర్ కూడా ఒకాయన ఉన్నాడు. రాత్రి పదకొండున్నరకి, బఫే సర్దేస్తుంటే, కిచెన్ తలుపు పక్కన నిలబడి చల్లారిన బిర్యానీ తింటూ కనిపించాడు. "సాయంత్రం నుంచీ అందరి పక్కనే ఉన్నానండీ, ఒక్కళ్ళూ నా పేరు అడగలేదు" అని నవ్వాడు. ఆయన్ని చూస్తే నాకు ఎప్పుడో చదివిన ఎరిక్ సాలొమన్ గుర్తొచ్చాడు. ఈ టపా ఆయన గురించే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. హైదరాబాదు వాళ్ళకి లాలా దీన్ దయాళ్ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగం చేసి, తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. (ఇంజనీరింగ్ చదివి వేరే పని చేయడం మనతోనే మొదలవలేదన్నమాట!) ఆయన తీసిన అతిథుల గ్రూపు ఫోటోలు చూస్తే అందరూ వరసగా, బొమ్మల్లా ఉంటారు. తప్పు ఆయనది కాదు, ఆ కాలపు కెమెరాది. ఎవరూ కదలకూడదు, వెలుతురు బాగా ఉండాలి. రాత్రి విందైతే మెగ్నీషియం పొడి పేల్చాలి. భగ్గున వెలుగు, గదినిండా పొగ. ఆ తర్వాత విందులో సహజంగా ఎవరుంటారు చెప్పండి?

1924లో జర్మనీలో డ్రెస్డెన్‌కి చెందిన ఎర్నెమాన్ కంపెనీ ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరా తెచ్చింది. దాని లెన్స్ మొదట ఎఫ్ 2, తర్వాత ఎఫ్ 1.8. ఈ రోజు మనం కొనే మామూలు ఫిఫ్టీ ఎంఎం లెన్స్ కూడా ఎఫ్ 1.8యే. నూరేళ్ళ కిందటే అది ఉందంటే నాకు ఆశ్చర్యం వేసింది. కాకపోతే ఫిల్మ్ రోల్ లేదు. 4.5 బై 6 సెంటీమీటర్ల గాజు ప్లేటు, ఒక్కో ఫోటోకి ఒక్కోటి మార్చుకోవాలి. గది దీపాల వెలుగులో అర సెకను దాకా షట్టర్ తెరిచి ఉంచాల్సి వచ్చేది. ఆ అర సెకనూ ఎదుటివాళ్ళు కదలకూడదు. కదలొద్దని చెప్పనూ కూడదు!

ఈ కెమెరా చాలామంది దగ్గర ఉంది. కానీ దాన్ని విందుల్లోకి తీసుకెళ్ళడం ఎలాగో కనిపెట్టింది సాలొమన్.

1886లో బెర్లిన్‌లో ఒక యూదు బ్యాంకర్ ఇంట పుట్టాడు. జంతుశాస్త్రం కొన్నాళ్ళు, ఇంజనీరింగ్ కొన్నాళ్ళు చదివి చివరికి లా లో డాక్టరేట్ చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914లోనే ఫ్రెంచివాళ్ళకి చిక్కి, యుద్ధం అయ్యేదాకా ఖైదీగా ఉన్నాడు. అక్కడ ఫ్రెంచి బాగా వచ్చింది. తిరిగొచ్చేసరికి జర్మనీలో డబ్బు విలువ చిత్తు కాగితంతో సమానం, ఇంటి ఆస్తి కరిగిపోయింది. సైడ్‌కార్ ఉన్న మోటార్ సైకిల్ ఒకటి అద్దెకి తిప్పుతూ, ఎక్కినవాళ్ళకి దారిలో ఆర్థిక సలహాలు కూడా ఇస్తానని పేపర్లో ప్రకటన వేశాడు. ఆ ప్రకటన చూసే ఉల్‌స్టైన్ పత్రికల సంస్థ వాళ్ళు తమ ప్రచార విభాగంలో ఉద్యోగం ఇచ్చారంటారు. కెమెరా పట్టేనాటికి నలభై దాటాయి. ముప్పై రాకుండానే "ఇంక మనకేం వస్తుందిలే" అనుకునే నాలాంటి వాళ్ళు ఇది గమనించగలరు.

ఆయన పద్ధతి ఒక్కటే. ఫోటోగ్రాఫర్లా కనపడకపోవడం. టెయిల్ కోటు వేసుకుని, కారులో దిగి, మంచి ఫ్రెంచి మాట్లాడుతూ అతిథిలా లోపలికి నడిచేవాడు. కెమెరాని ఏ బల్ల మీదో ఆనించి, ఆ అర సెకను కోసం గంటలు గంటలు కాచుక్కూచునేవాడు. మాటల్లో మునిగిపోయిన మనిషి కాసేపు తనంతట తనే కదలకుండా ఉంటాడు కదా, దాని కోసం. 1928లో ఒక హత్య కేసు విచారణని టోపీలో దాచిన కెమెరాతో తీశాడు. అదే ఏడాది ఆగస్టులో పారిస్‌లో యుద్ధాలు వద్దంటూ కెల్లాగ్-బ్రియాండ్ ఒప్పందం మీద సంతకాలు జరుగుతుంటే, ఖాళీగా ఉన్న పోలండ్ ప్రతినిధి కుర్చీలో దర్జాగా కూర్చుని ఫోటోలు తీశాడు. ఎవరూ లేవమనలేదు. కోటు బాగుంటే ఎవరూ అడగరు, ఇది ఈ రోజుకీ నిజమే.

1930 జనవరిలో హేగ్ నగరంలో యుద్ధ నష్టపరిహారాల మీద చర్చలు. అర్ధరాత్రి దాటాక తీసిన ఫోటో ఒకటుంది. ఫ్రాన్స్, జర్మనీ మంత్రులు సోఫాల్లో కూలబడి, సగం నిద్రలో ఉంటారు. కోట్ల ప్రజల అప్పు తేల్చేవాళ్ళు ఇంత మామూలుగా అలిసిపోతారని పేపరు చదివేవాళ్ళు అంతకుముందు చూడలేదు. నేనైతే ఆ ఫోటోని రిలీజ్ నైట్ ఫోటో అంటాను, అందరి మొహాలూ అలాగే ఉంటాయి :)

నాయకులకి కోపం రాలేదా అంటే, వచ్చేది కాదు. పైగా ఆయన లేకపోతే వెలితిగా ఉండేది. 1931లో పారిస్‌లో ఒక విందులో ఫ్రెంచి విదేశాంగ మంత్రి బ్రియాండ్ ఈయన్ని పసిగట్టి, వేలు చూపించి "అదుగో, చాటుమాటు లేని వాళ్ళకి రాజు" అన్నాడు. ఆ వేలు చూపిస్తున్న క్షణమే ఫోటో! ఆయన ఫోటోల గురించే ఇంగ్లీషులో క్యాండిడ్ కెమెరా అనే మాట వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు ప్రతి పెళ్ళి ఆల్బమ్‌లోనూ "క్యాండిడ్" ప్యాకేజీ ఉంది కదా, దాని ముత్తాత ఈయనే.

అదే 1931లో బెర్లిన్‌లో ఇంగ్లండు ప్రధాని మెక్‌డొనాల్డ్ గౌరవార్థం ఒక విందు జరిగింది. సాలొమన్ తీసిన ఆ ఫోటోలో మెక్‌డొనాల్డ్‌తో ఐన్‌స్టీన్ ఏదో చెబుతున్నాడు. పక్కన మాక్స్ ప్లాంక్. అక్కడే ఐ.జి. ఫార్బెన్ అనే రసాయనాల కంపెనీకి చెందిన హెర్మన్ ష్మిట్జ్ కూడా కూర్చుని ఉన్నాడు. అందరూ ఒకే వెలుతురులో, ఒకే మర్యాదతో. ఫోటో తీసినవాడితో సహా.

తర్వాత రెండేళ్ళకి హిట్లర్ వచ్చాడు. ఐన్‌స్టీన్ మళ్ళీ జర్మనీలో అడుగు పెట్టలేదు. సాలొమన్ భార్యది హాలండ్, కాబట్టి కుటుంబంతో హేగ్‌లో స్థిరపడ్డాడు. అక్కడా విందులూ కచేరీలూ తీశాడు. అమెరికా నుంచి లైఫ్ పత్రిక పిలిచింది. చూద్దాం, చూద్దాం అనుకుంటూ వెళ్ళలేదు. తెలిసిన ఊరు, తెలిసిన మనుషులు, ఇక్కడ నాకేమవుతుందిలే అనే ధైర్యం.. ఏదేమైనా 1940 మేలో జర్మన్ సైన్యం హాలండ్‌లోకి వచ్చింది. ఆ తర్వాత కుటుంబం దాక్కోవాల్సి వచ్చింది. గ్యాస్ మీటర్ రీడింగ్ తీసుకునేవాడు ఆ ఇంట్లో వాడకం ఎక్కువగా ఉందని గమనించి పట్టించాడని చెబుతారు. మంత్రుల మధ్య కూర్చుని కెమెరాని దాచినవాడు మీటర్లో నాలుగంకెల్ని దాచలేకపోయాడు. లాగ్ ఫైళ్ళు చదివే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి నాకు ఈ వివరం ఇంకా గుచ్చుకుంటుంది.

1944 జులైలో ఆష్‌విట్జ్‌లో ఆయన్నీ, భార్యనీ, చిన్న కొడుకునీ చంపేశారు. ఆష్‌విట్జ్ పక్కనే క్యాంపు ఖైదీల వెట్టిచాకిరీతో ఫ్యాక్టరీ కట్టిన కంపెనీ ఐ.జి. ఫార్బెన్. దాని అధిపతి 1935 నుంచీ ఆ ఫోటోలో కూర్చున్న ష్మిట్జే. 1948లో నురెంబర్గ్ కోర్టు ఆయనకి నాలుగేళ్ళ శిక్ష వేసింది. నాలుగేళ్ళు!

ఇంగ్లండులో ఉన్న పెద్ద కొడుకు బతికాడు. యుద్ధం తర్వాత తిరిగొచ్చి, తండ్రి దాచిన నెగెటివ్‌లు వెతికాడు. కొన్ని కోళ్ళ దొడ్లో పాతిపెట్టినవి, తేమకి పాడైపోయాయి. కొన్ని డచ్ పార్లమెంటు లైబ్రరీలో భద్రంగా దొరికాయి. మనకి ఇవాళ మిగిలింది అవే.

నాకు అర్థమైంది ఒకటే. విందు గదిలోకి రానివ్వడం వేరు, మనవాడు అనుకోవడం వేరు. సాలొమన్‌ని యూరప్‌లో పెద్దవాళ్ళంతా రానిచ్చారు, నవ్వారు, పేరు పెట్టి పిలిచారు. అవసరం పడినరోజున ఆ పరిచయాలేవీ ఆయన్ని కాపాడలేకపోయాయి. పరాయి దేశాల్లో టీమ్ డిన్నర్లలో నవ్వుతూ గ్రూపు ఫోటోల్లో నిలబడే మనం ఆయనంత కష్టంలో లేం, పోలిక కూడా పెట్టకూడదు. కానీ ఆ రెండు మాటలకీ తేడా మర్చిపోకుండా ఉంటే చాలు.

అన్నట్టు, ఆ బిర్యానీ తింటున్నాయన పేరు నేనూ అడగలేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.